నూరుల్లా మావయ్య సెంట్రింగు

బందరులో సెంట్రింగు పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పెట్టిన సెంట్రింగు విప్పడానికి మనసొప్పనివాడు మాత్రం మా వీధిలో ఉండే నూరుల్లా మావయ్య ఒక్కడే. పచ్చి స్లాబు కింద కర్రలూ రేకులూ నిలబెట్టడం ఆయన వృత్తి. వాటిని తియ్యకపోవడం ఆయన జబ్బు. ఇంజనీరు చెప్పినా, ఇంటాయన బతిమాలినా, "ఇంకా పచ్చిగా ఉందండీ" అనేవాడు. ఆయన స్లాబు వేసిన ఇంట్లో గృహప్రవేశానికొచ్చిన చుట్టాలు కర్రల మధ్య వంగి వంగి దూరి, నడుం పట్టుకుని భోజనాలకి కూర్చున్న సందర్భాలున్నాయి.

ఆ మాట ఇళ్ళ దగ్గర ఆగితే బాగానే ఉండేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వేరు కాపురం పెడితే, "అప్పుడే సెంట్రింగు విప్పేశారా!" అని నొచ్చుకునేవాడు. ఒకసారి సైకిలు మీంచి పడి కాలు విరిగితే ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. విప్పే రోజున డాక్టరుగారితో పెద్ద గొడవ.

"ఎముక అతుక్కుందండీ. ఎక్స్‌రే చూడండి."

"ఫొటోల్లో అందరూ బాగానే ఉంటారండీ. ఇంకో నెల ఉంచండి."

ఆ నెలంతా కట్టుతోనే కుంటుతూ తిరిగాడు. "పెళ్ళినాడు గుమ్మానికి కట్టిన తోరణం కూడా విప్పనివ్వలేదు బాబూ, ఎండి రాలిపోయింది" అనేది ఆయన భార్య మైమూనా అత్తయ్య.

నేను గుడివాడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. తెలిసింది చెప్పకుండా ఉండలేని ఉద్యోగం. "ఇంగ్లీషులో సెంట్రింగు అనే మాటకి ఇంకో అర్థముంది మావయ్యా. చెదిరిన మనసుని ఒకచోటికి తెచ్చి నిలపడం" అన్నాను ఒకసారి.

"మనసు కింద కర్రలు పెడతారా వాళ్ళు?"

"కర్రలుండవు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీలుస్తారు."

"కర్రల్లేకుండా సెంట్రింగేమిటి అల్లుడూ! కూలిపోదూ!" అని నావైపు జాలిగా చూశాడు.

కిందటేడు మా గాయత్రి అక్కావాళ్ళు బందరులోనే ఇల్లు మొదలుపెట్టారు. సెంట్రింగు మావయ్యదే. స్లాబు పోసిన వారంలోపే కాంతారావు బావ గుండెపోటుతో పోయాడు. స్లాబు పోసిన రోజు బావ కొత్త లుంగీ కట్టుకుని పనివాళ్ళందరికీ స్వయంగా కూల్‌డ్రింకులు పంచాడు. ఆ మనిషి లేడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అక్క ఆ ఇంటి పక్కనే అద్దెకున్న వాటాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు. తినమంటే తల అడ్డంగా ఊపేది. ఒకటే మాట అంది: "ఆ ఇల్లు ఎలా ఉందో అలా అమ్మెయ్ రా. నేను చూడలేను." ముదినేపల్లిలో చేపల చెరువులున్న నరసింహం గారు కొంటానని వచ్చారు. లోపల కర్రల అడవి చూసి, "ఇవి తీశాక కబురు చెయ్యండి" అని వెళ్ళిపోయారు.

విప్పమంటే మావయ్య ఎప్పటి పాటే: "ఇంకా పచ్చిగా ఉంది." నెలలు గడిచాయి. పామర్రులో పనులు వచ్చినా, సామాను ఖాళీ లేదని వదులుకున్నాడట. రోజూ పొద్దున్నే వచ్చి అక్క కిటికీ దగ్గర కేకలు: "అమ్మాయ్! మోటారు వెయ్యి! స్లాబు ఎండిపోతోంది!"

నాకు ఒళ్ళు మండింది. ఒక ఆదివారం పోట్లాటకే బయల్దేరి ఆ ఇంటి దగ్గరికి వెళ్ళాను.

"నిజం చెప్పండి మావయ్యా. ఆ స్లాబు ఇంకా గట్టిపడలేదా?"

"ఎప్పుడో గట్టిపడింది" అన్నాడు తాపీగా.

"మరెందుకు ఈ నీళ్ళూ, ఈ కర్రలూ?"

ఆయన గొంతు తగ్గించాడు. "లేవమంటే మీ అక్క లేవదురా. స్లాబు ఎండుతోందంటే లేస్తుంది. కాంతారావు గారు పోయించిన స్లాబు కదా, ఎండనివ్వదు. మొదట్లో స్విచ్చి వేసి మళ్ళీ పడుకునేది. నాకు కళ్ళు ఆనటం లేదు, ఆ మూల తడిసిందో లేదో చూడమ్మా అంటే మెట్లెక్కడం మొదలెట్టింది. ఇప్పుడు పైపు నన్ను పట్టుకోనివ్వదు. సామాను తీసేస్తే నేనెందుకు వస్తాను? నేను రాకపోతే ఆ పిల్ల ఎందుకు లేస్తుంది?"

పోట్లాటకని వచ్చిన నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో మేడ మీంచి అక్క కేక. "మావయ్యా! ఒకసారి పైకి రండి!"

ఇద్దరం పరుగెత్తాం. స్లాబు మీద నీళ్ళు నిలవడానికి కట్టిన మట్టిగట్ల నిండా తోటకూర మొలిచింది. మోకాలెత్తు పెరిగింది. అక్క పైపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది స్లాబా, పెరడా? తడపమన్నారు కదా అని తడుపుతుంటే తోటకూర పండించారు నాచేత! ఇంకాస్త ఆగితే నాట్లేయిస్తారా? రేపు ఆ కర్రలు విప్పించెయ్యండి. గోడలకి ప్లాస్టరింగు చేయించుకోవాలి. ఒరేయ్ వ్యాసూ, నువ్వు ఆ నరసింహం గారికి ఫోన్ చేసి ఇల్లు అమ్మడం లేదని చెప్పు."

మావయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇంకో వారం..."

"ఒక్క పూట కూడా కుదరదు!"

మర్నాడు కర్రలు విప్పారు. బావ అనుకున్న హాలు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. అక్క నడిమధ్య నిలబడి కాసేపు ఏడ్చింది. మావయ్య గుమ్మం బయటే, ఎవరో తన సామాను ఎత్తుకుపోతున్నట్టు దిగాలుగా నిలబడ్డాడు. మధ్యాహ్నం పనివాళ్ళందరికీ అక్క ఆ హాల్లోనే తోటకూర పప్పుతో అన్నం పెట్టింది. మావయ్య చాలంటున్నా వినకుండా మూడోసారి వడ్డించి, తనూ ఆయన పక్కనే కూర్చుని కంచం ముందుకు లాక్కుంది.