వినపడని డైలాగు

మలయాలో బ్రిటిష్‌వాళ్ల ఎమర్జెన్సీ రోజులవి. అడవిలోని తిరుగుబాటుదారులకు చేరుతుందని రబ్బరు ఎస్టేటు గేటు దాటి గుప్పెడన్నం కూడా తీసుకెళ్లనిచ్చేవారు కాదు. సుంగై సుమున్‌లో బస్సెక్కాను. నా తెలుగు వినగానే పక్కసీటు పెద్దావిడ దగ్గరికి జరిగింది. ఒకప్పుడు మద్రాసులో మూకీ సినిమాల్లో కథానాయికట.

"మాట వినపడకపోయినా నోరు కదపాల పాపా. బిడ్డ సచ్చిపోయిన సీనులో గుండెలు బాదుకుని నేనేటన్నానో తెలుసా? 'ఆకలేస్తంది, ఇడ్లీలేవీ' అన్నాను. హాల్లో జనం ఒకటే ఏడుపు!"

"మరెందుకు మానీసినారు పెద్దమ్మా?"

"టాకీలొచ్చినాయి. మన మాట విని నవ్వినారు. ఓడెక్కీసినాను, అంతే లా!" అంది, మలాయ్ వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

దారిలో సైనికులు బస్సాపారు. నా సంచిలో, చీరల మధ్య అమ్మ దాచిన పులిహోర పొట్లం దొరికింది. ఇక జైలే అనుకున్నాను. పొట్లం లాక్కుని, తిట్టి వదిలేశారు. బస్సు కదిలాక ఇక కళ్లనీళ్లు ఆగలేదు. పెద్దావిడ తన ఊరొచ్చేదాకా నా వీపు నిమురుతూ కూర్చుంది.

దిగాక, కిటికీ ఎదురుగా నిలబడి, ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, రెండోది నావైపు చాచి, చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. ఆ ముఖంలో దుఃఖం చూసి ముందుసీటు మలాయ్ ఆవిడ కళ్లొత్తుకుంది. పెద్దావిడ మా అమ్మే అనుకుందేమో, నా భుజం తట్టింది.

నేను ఏడుస్తూనే నవ్వేశాను. ఆ పెదాలేమన్నాయో ఆ బస్సులో నాకొక్కదానికే తెలిసింది.

"ఆకలేస్తంది, పులిహోరేదీ?"