ఇరవై గేగులు

స్టీల్ ప్లాంటు నుంచి ఇంటికొచ్చే షిఫ్టు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉడకబెట్టిన గేగులు తినడమంత సుఖం ఇంకోటి లేదు. తాటి టెంకని మట్టిలో పాతితే దిగే ఆ మొలకని నమిలి, తియ్యటి పిండి మింగి, పీచు ఉమ్మెయ్యాలి. ఆ రోజు నేను ఉమ్మలేదు. బస్సు కొత్తది, డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. దవడ పళ్లు పీకించుకుని నెల కూడా కాలేదు. పక్క సీట్లో మా ఆవిడ అన్నయ్య, నా బావ, పీచుతో సహా ఇరవై మింగలేనని పందెం కాశాడు. మింగాను.

మూడో రోజుకి పొట్ట డోలయింది. వాంతులు. సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో పడుకోబెట్టి, ముక్కులోంచి గొట్టం దింపి, సెలైను పెట్టారు. స్కానులో చిన్నపేగు చివర ఏదో ముద్ద అడ్డంగా కనిపించిందట.

"గడ్డయితే సాయంత్రమే కోయాలి. ఏమైనా పీచు తిన్నారా? అదైతే రేపటిదాకా చూడొచ్చు" అన్నాడు డాక్టరు.

మగతలో నా పేగు ఓడల కాలువలా సాగిపోయింది. తాటిపీచుతో నేసిన ఓడొకటి అందులో అడ్డం తిరిగి నిలిచింది. ఒడ్డున నేను జెండా ఊపుతున్నాను. దూరంగా సముద్రం మెత్తగా మెరుస్తోంది.

"ఇరవై గేగులు, పీచుతో సహా" అన్నాను, గొట్టం గొంతులో గీరుకుంటుంటే.

"డాక్టరుగారండీ, ఈయన మాట పదితో భాగించుకోవాల. మొన్న కొన్న సేప ఆటోలో పట్టనేదన్నాడు. రెండు తినుంటాడు" అంది మా ఆవిడ.

పాతికేళ్లుగా నేను చెప్పిన కథలన్నీ మంచం చుట్టూ చేరి తీరిగ్గా నన్ను చూస్తున్నట్టనిపించింది. బావకి ఫోన్ చేయించాను. పరుగున వచ్చాడు.

"నిజమే సెల్లీ. నానే లెక్కెట్టినాను. ఒక్క పీచు ఉమ్మనేదు."

"మరి నువ్వేటి సేత్తన్నావ్ అన్నియ్యా, ఆపకుండా?"

"ఆపితే పందెం ఏటవుద్ది?"

డాక్టరు కత్తి పక్కనబెట్టాడు. "గాలి వెళితే దారి తెరుచుకున్నట్టే. వెళ్లకపోతే పొట్ట తెరిచి, పేగుని చేత్తో పిండుతూ ముద్దని పెద్దపేగులోకి తోస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున, కిటికీ తెల్లబడుతుంటే, లోపల ఏదో మెల్లగా పక్కకి ఒత్తిగిలింది. గోరువెచ్చని అల ఒకటి నా గుండా దాటిపోయింది.

"వెళ్లింది" అన్నాను.

"ఏపాటి?" అంది మా ఆవిడ అనుమానంగా.

"కొంచెమే."

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ నర్సు కోసం పరిగెత్తింది.