పావురాల దాణా మీద గంజాయి కేసు

అది 1998 వేసవి. క్రిమినల్ కోర్టుల్లో నేను సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టి ఎంతోకాలం కాలేదు. మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చి మాదన్నపేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి ముందుగదే నా ఆఫీసు. చుట్టుపక్కల అందరికీ నేను వకీలమ్మను. కొట్లాటలు, కిరాయి తగాదాలు, చెక్కు బౌన్సులు, ఇవే నా దగ్గరికి వచ్చే కేసులు. మత్తుపదార్థాల నిషేధ చట్టాన్ని కోర్టుల్లో మేం ఎన్‌డీపీఎస్ అంటాం. ఆ చట్టం కింద నేను చేపట్టిన మొదటి కేసులో ముద్దాయి పావురాలకు దాణా అమ్ముకునే ప్రభుదాస్.

అతని దుకాణం కూరగాయల మార్కెట్ చివర సందులో ఉండేది. ముందు గోనెసంచుల్లో జొన్నలు, సజ్జలు, కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు. లోపల గోడవారగా పంజరాల్లో లవ్‌బర్డ్స్. పాతబస్తీలో మేడల మీద పావురాలు పెంచేవాళ్లు ఎక్కువ. చలికాలం దాణాలో భంగు గింజలు కలిపితే పావురం ఒంట్లో వేడి నిలుస్తుందని, ఎగిరే సత్తువ వస్తుందని వాళ్ల నమ్మకం. భంగు గింజలంటే గంజాయి మొక్క గింజలే. వాటిలో మత్తు ఉండదు. చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. గంజాయి అంటే మొక్క పూలగుత్తులు అని, ఆ గుత్తులతో కలిసి లేని గింజలు, ఆకులు దాని కిందికి రావని అందులో స్పష్టంగా ఉంది. ప్రభుదాస్ తండ్రి కాలం నుంచీ ఆ సంచి ఆ దుకాణంలో అందరికీ కనబడేలా ఉంటూ వచ్చింది.

ఆ ఏడు మత్తుపదార్థాల మీద నిఘాకని కొత్తగా ఒక దళం వేశారు. ఏ శాఖదో ఇక్కడ చెప్పను. కొత్త దళానికి కేసులు కావాలి. ఒక మధ్యాహ్నం జీపులో వచ్చి దుకాణం ముందు దిగారు. ఇన్‌స్పెక్టర్ ఆ సంచిలో చెయ్యిపెట్టి ఇవేమిటని అడిగాడు. దాచవలసిన సంగతేదో ఉందని ప్రభుదాస్‌కు తట్టనే లేదు.

"భంగు గింజలు సార్. పావురాలకు ఏస్తరు" అన్నాడు.

ఆ ఒక్క మాటను నేరాంగీకారం చేశారు. అక్కడికక్కడే పంచనామా రాశారు. పంచనామా అంటే ఇద్దరు సాక్షుల ఎదుట ఏ వస్తువు ఎలా దొరికిందో రాసే కాగితం. అందులో దాణా అన్న మాటే లేదు. 'గింజలతో కూడిన ఎండు గంజాయి' అని ఉంది. సాక్షులిద్దరూ ఆ సందువాళ్లు కారు, దళంతో పాటు జీపులో వచ్చినవాళ్లు. ప్రభుదాస్‌ను అరెస్టు చేసి, దుకాణం మూసి, తాళానికి గుడ్డచుట్టి లక్కముద్ర వేసి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే అతని భార్య సుగుణ మా ఇంటికి వచ్చింది. మొగుణ్ని ఎప్పుడు విడిపిస్తారని అడుగుతుందనుకున్నాను.

"ఆయన సంగతి మీరు జూస్తరు మేడం. ముందుగాల పిట్టల సంగతి చెప్పుండ్రి. లోపలనే ఉన్నయి. అరుస్తున్నయి" అంది.

ఇద్దరం వెళ్లాం. సందులోకి తిరగ్గానే వాటి అరుపులు వినబడ్డాయి. దుకాణం చెక్క తలుపుల ముందు ఖాజాభాయ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన బస్సుల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన మనిషి, మేడ మీద పావురాలు పెంచుతాడు, ప్రభుదాస్ దగ్గర ఎప్పటినుంచో దాణా కొంటాడు. రెండు చెక్కల మధ్య సందులోంచి సన్నటి రబ్బరు గొట్టం దూర్చి, లోటాతో నీళ్లు పోస్తున్నాడు.

"నీళ్లయితే పోతున్నయి వకీలమ్మా. గిన్నెల పడ్తున్నయో లేదో ఎట్ల తెలుస్తది" అన్నాడు.

అక్కణ్నించి నేరుగా దళం ఆఫీసుకు వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. చట్టం పుస్తకం తెరిచి, గింజల గురించి రాసి ఉన్న వాక్యం చూపించాను. చదివాడు. పూలగుత్తులు ఉన్నాయో లేవో ల్యాబ్ తేలుస్తుందనీ, అది తేల్చడం తన పని కాదనీ అన్నాడు.

"మీ పని కానప్పుడు గంజాయి అని ఎలా రాశారు?"

"అతనే ఒప్పుకున్నాడు మేడం."

పిట్టల్ని బయటికి తియ్యనివ్వమని అడిగాను. సీలు కోర్టు ఉత్తరువు లేకుండా తీయకూడదట. సంచి పట్టుకుపోయాక దుకాణం మూయడం ఎందుకన్నాను. దర్యాప్తు కోసమన్నాడు. ఆ దర్యాప్తుకు మళ్లీ ఒక్కరంటే ఒక్కరు ఆ దుకాణం ముఖం చూడలేదు.

కోర్టులో పిటిషన్ వేశాను. సాక్ష్యం చెడిపోతుందంటూ ప్రభుత్వ వకీలు కౌంటర్‌కు, అంటే రాతపూర్వక జవాబుకు, గడువు అడిగాడు. పంజరంలో పిట్ట ఏ సాక్ష్యాన్ని ఎలా చెడుపుతుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నా గొంతు పెరిగింది. జడ్జిగారు నన్ను మందలించారు. చివరికి ఉత్తరువు ఇచ్చారు. కానీ అది మండు వేసవి, గాలి ఆడని గది. తలుపులు తీసేసరికి చాలామటుకు పిట్టలు చచ్చిపోయి ఉన్నాయి. సుగుణ ఏడవలేదు. ఒక్కొక్కదాన్నే తీసి చెంగులో వేసుకుంది. చచ్చినవాటిని కూడా పంచనామాలో రాయాలా అని కానిస్టేబుల్ అడిగాడు. అక్కర్లేదన్నాడు ఇన్‌స్పెక్టర్. బతికినవాటిని ఖాజాభాయ్ తన మేడ మీదికి తీసుకుపోయాడు. దుకాణం మాత్రం మూతబడే ఉండిపోయింది.

ఇక బెయిలు. మామూలు కేసుల్లో బెయిలు అడిగేటప్పుడు మనిషి పారిపోడని నమ్మిస్తే చాలు. ఈ చట్టంలో అలా కాదు. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని జడ్జికి ముందే అనిపించాలి. విచారణ మొదలు కాకుండానే నిర్దోషినని చూపించుకోవాలన్నమాట. మాకున్న ఆధారం ఆ సంచే. సంచి వాళ్ల దగ్గర, దాని నమూనా ల్యాబ్‌లో, ల్యాబ్‌లో వరుస. రిపోర్టు వచ్చాక చూద్దామని పిటిషన్ కొట్టేశారు. రిపోర్టు తొందరగా తెప్పించమని ఇంకో పిటిషన్ వేశాను. దానికీ వాయిదాలే.

వానాకాలం వెళ్లిపోయింది. నేను జైలుకు ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా ప్రభుదాస్ ఒకే ప్రశ్న అడిగేవాడు. "భంగు గింజలని చెప్పకపోతే ఇడిసిపెడుతుండెనా మేడం?" నిజం చెప్పడం వల్లే చిక్కుకున్నావని ఒక మనిషితో అనడం నాకు చేతకాలేదు. చలి మొదలయ్యేనాటికి అతను సగమయ్యాడు. క్రిస్మస్‌కు సుగుణ కేకు చేసుకొచ్చింది. బయటి తిండి లోపలికి పోనివ్వలేదు. గేటు దగ్గర కూర్చున్న మిగతా ఆడవాళ్లకు పంచేసి ఇంటికి వెళ్లింది.

కొత్త సంవత్సరంలో రిపోర్టు వచ్చింది. గంజాయి మొక్క గింజలేననీ, పూలగుత్తులు ఏమాత్రం కనబడలేదనీ రాశారు. చట్టం ఏళ్ల కిందటే చెప్పిన సంగతి, నేను మొదటిరోజే ఇన్‌స్పెక్టర్‌కు చూపించిన సంగతి, ఇన్ని నెలలకు సంతకంతో వచ్చింది. కేసు నిలవదని జడ్జిగారు ప్రభుదాస్‌ను విడుదల చేశారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పంచనామాలో అబద్ధం రాసినవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. అడగమని నేను పెట్టిన అర్జీకి జవాబే రాలేదు.

ప్రభుదాస్ బయటికి వచ్చేసరికి అతని దుకాణంలో ఎస్టీడీ బూత్ నడుస్తోంది. కొట్టు అద్దెకిచ్చిన యజమాని ఎన్నాళ్లని ఆగుతాడు? గంజాయి కేసు దుకాణమని పేరు పడ్డాక తిరిగి ఇవ్వడానికి అతనికి ధైర్యమూ లేదు. మార్కెట్‌లో మిగతా దాణా కొట్లవాళ్లు భంగు గింజల సంచులు ఎప్పుడో తీసేశారు. చట్టం ఎవరికీ ఆ గింజలు అమ్మొద్దని చెప్పలేదు. ఒక్క మనిషిని జైల్లో పెట్టారు, దానితోనే ఊరంతా నిషేధం అమలైపోయింది.

ఇంకో దుకాణం పెట్టుకునే ముందు ఏదైనా కాగితం తెచ్చుకుందామన్నాడు ప్రభుదాస్. ఇద్దరం ఆ దళం ఆఫీసుకు వెళ్లాం. లైసెన్సు ఇస్తే తీసుకుంటామన్నాం. ఈసారి మాట్లాడింది పెద్ద అధికారి. గింజలకు లైసెన్సు అవసరం లేదన్నాడు. అదే మాట రాసిమ్మన్నాం. అవసరం లేనిదానికి కాగితం ఇచ్చే పద్ధతి లేదన్నాడు. అయితే మళ్లీ మీవాళ్లు రారు కదా అని అడిగాను.

"అనుమానం వస్తే వస్తాం మేడం. అది మా డ్యూటీ" అన్నాడు.

మెట్లు దిగుతూ ప్రభుదాస్ అన్నాడు: "లైసెన్సు ఉన్నదయితే కట్టుకుంటుంటి. లేనిదాన్ని ఏడకెల్లి తేవాలె?"

అతను మళ్లీ దాణా జోలికి పోలేదు. మాదన్నపేటలో ఉండలేక జల్‌పల్లి వైపు వెళ్లిపోయారు. రోజూ తెల్లారకముందే లేచి అక్కణ్నించి మా మార్కెట్‌కు కూరగాయల బండి నడిపేవాడు. ఎప్పుడైనా ఎదురైతే నవ్వి పలకరించేవాడు. కేసు మాట ఎత్తేవాడు కాదు.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. కొత్త నగరం వైపు పెద్ద పెద్ద షాపులు వచ్చాయి. ఒక షాపులో పెంపుడు జంతువుల సామాను చూస్తుంటే విదేశీ పక్షుల దాణా పాకెట్టు కనబడింది. రంగుల బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో ఉంది. హెంప్ సీడ్ అని చదివి, ఇవి మన భంగు గింజలే కదా అని అక్కడే నిలబడిపోయాను. పాకెట్టు కొని మర్నాడు దళం ఆఫీసుకు తీసుకెళ్లాను. అధికారులు మారిపోయారు. బల్ల వెనక ఉన్నాయనకు పాకెట్టు ఇచ్చి, దీని మీద కేసు పెడతారా అని అడిగాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పిట్టల దాణా కదా మేడం. దీనిమీద కేసేముంటుంది?"

ప్రభుదాస్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పిన మాట ఇదేనని, ఆ మాటకే అతన్ని జైల్లో పెట్టారని చెప్పాను. ఏ సంవత్సరం సంగతని అడిగాడు. చెప్పాను. అప్పుడు తను వేరే జిల్లాలో ఉన్నానన్నాడు. పాకెట్టు వెనక్కి తీసుకున్నాను. ఆయన ముందు ఏడవకూడదని లేచి వచ్చేశాను.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు ముద్దాయిని బయటికి తెస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఇప్పుడు చిన్న దుకాణదారు ఎవరు అరెస్టయినా, మనిషికి బెయిలు వేసిన పూటే దుకాణం తెరిపించమని కూడా పిటిషన్ వేస్తాను. అంత తొందరేమిటని కొందరు జడ్జీలు విసుక్కుంటారు. విసుక్కోనీ. కోర్టు మనిషిని నిర్దోషి అని వదిలేయగలదు గానీ, మూతబడ్డ దుకాణాన్ని అతనికి తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అందుకే అది శాశ్వతంగా మూతబడకముందే కోర్టు తలుపు కొట్టాలి.