సముద్రాన్ని అరవై మీటర్లు వెనక్కి నెట్టిన వైనం

సముద్రాన్ని చూసినవాళ్లు చాలామంది ఉంటారు. ఈదినవాళ్లు కొందరుంటారు. దాన్ని ఒంటిచేత్తో అరవై మీటర్లు వెనక్కి నెట్టిన మనిషిని మాత్రం మీరు చూసి ఉండరు. చూడాలనుకుంటే మలికిపురం వైపు వచ్చినప్పుడు మా డిగ్రీ కాలేజీలో ఆగండి. స్టాఫ్ రూంలో కిటికీ పక్క కుర్చీలో, కళ్లజోడు పెట్టుకుని జాగ్రఫీ పేపర్లు దిద్దుతూ కనిపిస్తాను. అలా నెట్టడంలో ఒక ఊరు నా మోచేతి కింద పడి నలిగిపోయింది. ఆ సంగతే ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అక్కడక్కడ నేనూ నవ్వుతాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఒకరోజు మా ప్రిన్సిపాల్ గారు ఒక సర్క్యులర్ పట్టుకుని స్టాఫ్ రూంలోకి వచ్చారు. ఉపగ్రహ చిత్రాలతో సముద్రాన్నీ తీరాన్నీ పరిశీలించడం మీద పది రోజుల శిక్షణ. భోజనం, బస వాళ్లదే. వేసవి సెలవుల్లో పడింది కాబట్టి ఆ కాగితాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"సులోచన గారండీ, మీరైనా వెళ్లొస్తారా? ఎవరూ వెళ్లకపోతే మన కాలేజీ పరువు పోతుందండీ."

"వెళ్తానండీ."

అలా తీవ్రమైన పోటీలో, అంటే నాతో నేనే పోటీపడి, ఎంపికయ్యాను.

శిక్షణ బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. కొన్ని రోజులకోసారి ఉదయం పదిన్నర ప్రాంతంలో ఒక ఉపగ్రహం మన కొబ్బరితోటల మీదుగా వెళ్తూ ఫొటో తీస్తుందట. ఆ ఫొటోలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాటిని పరిశీలించే సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఇంత ఉచితం నేను పెళ్లి భోజనాల్లో కూడా చూడలేదు. పాఠాలు చెప్పినావిడ మెల్లగా, ఒక్కో మాటా తూచి చెప్పేవారు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ తీరరేఖల గురించి చాలా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పారట. ఆ సమయానికి నేను వరండాలో బ్యానర్ ముందు నిలబడి, మెడలో కార్డు అక్షరాలు కనబడేలా తిప్పుకుని, ఫొటో దిగుతున్నాను. ఫొటో చక్కగా వచ్చింది.

తిరిగొచ్చిన ఆదివారం ఆరాధన తర్వాత మా పాస్టర్ గారు నాకు శాలువా కప్పి ప్రకటన చేశారు. "మన సహోదరి సులోచన గారు ఆకాశంలోంచి భూమిని చూసే విద్య నేర్చుకొచ్చేరు. ఇంతవరకూ ఆ పని చేసినవారు ఒక్కరేనండీ." సంఘమంతా ఆమేన్ అంది. నేను తల దించుకున్నాను. వినయంతో కాదు, శాలువా మెడకి గుచ్చుకుంటోంది.

వారం తిరక్కుండా నూకరాజు గారు కాలేజీకి వచ్చారు. ఆయనది సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడుపాలెం. అరవై దాటిన మనిషి, పుట్టినప్పటినుంచీ వేటే బతుకు. ఊరి ముందు రాళ్ల కట్ట వేయించమని మూడేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. ఊళ్లో సముద్రానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు ఆయనదే.

"మేడం గారండీ, సముద్రం మా మీదకొచ్చేస్తందని మేం చెప్తే ఆఫీసోళ్లు నమ్మట్లేదండీ. ఆధారం కావాలంటన్నారు. తమరు పైనుంచి చూసే చదువు చదివొచ్చేరంట కదండీ. ఒక కాగితం ముక్క రాసిచ్చేరంటే మా ఊరంతా బతుకుద్దండీ."

ఆయన అడిగింది చిన్న కాగితం ముక్క. నేను శిక్షణ పొందిన మనిషిని, ముక్కతో ఎలా సరిపెడతాను? రెండేళ్ల తేడాతో తీసిన రెండు చిత్రాలు దించాను. నీళ్లకి నీలం, నేలకి పచ్చ వేశాను. ఒకదాని మీద ఒకటి పెట్టాను. సాయంత్రం కాఫీ చల్లారేలోపు ఫలితం వచ్చేసింది. మర్నాడు ఆయన్ని పిలిపించి, ఎదురుగా కంప్యూటర్ తిప్పి పెట్టాను.

"నూకరాజు గారూ, మీరు భయపడాల్సిన పని లేదండీ. సముద్రం ముందుకు రావట్లేదు. అరవై మీటర్లు వెనక్కి వెళ్లింది."

చచ్చిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని నాడి బాగుందన్న డాక్టర్ని చూసినట్టు చూశారాయన నన్ను.

"మరి మా వంటిల్లు కొట్టుకుపోయిందండీ, మొన్న వానాకాలం."

"ఈ బొమ్మలో ఒక్కో చుక్క పది మీటర్లండీ. మీ వంటిల్లు చుక్కకన్నా చిన్నది. అది లెక్కలోకి రాదు."

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే. కొన్ని మాటలు ఎన్నేళ్లయినా స్నానం చేస్తుంటే గుర్తొచ్చి, మనిషిని మగ్గు పట్టుకుని అలాగే నిలబెట్టేస్తాయి. అలాంటి మాట ఇది.

నూకరాజు గారు బొమ్మ దగ్గరికి వంగి చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు.

"ఈ రెండు బొమ్మలూ పోటు మీద తీసినియ్యాండీ, పాటు మీద తీసినియ్యాండీ?"

సముద్రం ఎక్కే వేళ పోటు, దిగే వేళ పాటు. తీరం తెలిసిన చిన్నపిల్లకైనా వచ్చే సందేహం. నేను మాత్రం జాలిగా నవ్వాను.

"అవి అంతరిక్షంలోంచి తీస్తారండీ. అక్కడ పోటూ పాటూ ఉండవు."

"ఆయ్," అన్నారాయన.

మా వైపు ఆయ్ అంటే అవునని అందరూ అనుకుంటారు. ఒక్కోసారి 'తమరితో వాదించే ఓపిక నాకు లేదండీ' అని కూడా. "అయితే ఆ కాగితం మాకొద్దులెండి మేడం గారూ," అని మర్యాదగా లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

అక్కడితో ఆగినా నష్టం ఉండేది కాదు. కానీ అంత అందమైన పటం చేసి పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టుకునే గుండె నిబ్బరం నాకు లేదు. ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన ఎవరికో ఫోన్ చేశారు. పదిహేను రోజుల తర్వాత అమలాపురంలో తీర గ్రామాల మీద జరిగిన మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. కట్టలు వేయించే ఆఫీసు ఇంజినీరు గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఆఫీసు పేరు చెప్పను. నేనింకా రిటైరవ్వాలి.

పటం తెర మీద పడగానే ఇంజినీరు గారి ముఖం విచ్చుకుంది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎన్నాళ్లుగానో కుదరని సంబంధం కుదిరిన తండ్రిలా ఉన్నారు.

"అంటే మేడం, సముద్రమే వెనక్కి పోతా ఉంటే ఇక రాళ్లెందుకండీ?"

"ప్రస్తుతానికి అవసరం కనబడట్లేదండీ," అన్నాను. గొంతు గంభీరంగా పెట్టి మరీ అన్నాను.

ఆయన చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పటం మీద నా సంతకం, కాలేజీ ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టుకున్నారు. సరుగుడుపాలెం కట్ట అర్జీని ఆ వారమే కొట్టేశారు.

ఇంత సాధించాక విద్యార్థులకి చూపించవద్దా? వర్షాకాలం పోయాక పాతికమందిని బస్సెక్కించి, కొలిచే టేపులతో సరుగుడుపాలెం తీసుకెళ్లాను. కొత్తగా పుట్టిన ఇసుకతీరాన్ని కొలుద్దామని. దిగి చూస్తే నూకరాజు గారి ఇంటి మెట్లని సముద్రం నాకుతోంది. ఒక కెరటం వచ్చి నా చెప్పులు తడిపి వెళ్లింది.

వెనక నుంచి ఒకమ్మాయి అడిగింది. "మేడం, ఆ అరవై మీటర్లు ఎక్కణ్నుంచి కొలవాలండీ?"

నూకరాజు గారి భార్య సత్తెమ్మ గారు ఇంట్లోంచి వచ్చి, అంతమందినీ చూసి కంగారుపడి, "అయ్యో, పిల్లలు ఎండలో నిలబడ్డారండీ," అంటూ అందరికీ మంచినీళ్లు ఇచ్చారు. నాకు ప్రత్యేకంగా గాజు గ్లాసులో ఇచ్చారు.

ఇంటికొచ్చి నా రెండు చిత్రాల తేదీలు తీశాను. ఆటుపోట్ల పట్టికలు కూడా ఉచితమే, వెతికితే రెండు నిమిషాల పని. మొదటి చిత్రం కార్తీక పౌర్ణమి దగ్గర నిండు పోటు మీద తీసింది. రెండోది ఎండాకాలం మొదట్లో, నీళ్లు బాగా దిగిన పాటు మీద. ఉపగ్రహం ఠంచనుగా పదిన్నరకే వస్తుంది. సముద్రానికి ఆ టైంటేబుల్ ఎవరూ ఇవ్వలేదు. వెనక్కి వెళ్లింది సముద్రం కాదు, ఆ పూట నీళ్లు. ఒకే మట్టం నీళ్లున్న రోజుల చిత్రాలు ఏరి, ఈసారి జాగ్రత్తగా పోల్చాను. సముద్రం మూడు కొబ్బరి వరసల మేర ఊళ్లోకి వచ్చేసింది. నూకరాజు గారు మూడేళ్లుగా చెప్తున్నది అదే.

మర్నాడే కొత్త పటం పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను.

"నేను తప్పు చేశానండీ. ఇది సరైన పటం. దయచేసి కట్ట మంజూరు చెయ్యండి."

ఇంజినీరు గారు రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "మేడం, మొదటి దాని మీద ముద్ర ఉందండీ. దీని మీద లేదు."

"ముద్ర వేయించుకొస్తానండీ."

వేయించుకొచ్చాను. నెల రోజులకి కాలేజీకి ఉత్తరం వచ్చింది. రెండు పటాలూ పరస్పర విరుద్ధంగా ఉన్నందున ఈ విషయంలో శిక్షణ పొందిన నిపుణుల అభిప్రాయం కోరడమైనది అని. ఆ నిపుణులెవరా అని కింద చూస్తే నా పేరే ఉంది. జిల్లాలో ఆ శిక్షణ పొందినది నేనొక్కదాన్నేనట. నా తప్పు మీద నన్నే తీర్పు చెప్పమన్నారు. కూర్చుని నాలుగు పేజీల అభిప్రాయం రాశాను. సదరు సులోచన గారు మూడో రోజు పాఠం వినలేదనీ, ఆవిడ మొదటి పటం పూర్తిగా తప్పనీ, దాన్ని తక్షణం చించివెయ్యాలనీ. నా జీవితంలో నేను రాసిన వాటిలో అంత నిజాయితీగా రాసింది మరొకటి లేదు.

జవాబు వచ్చేలోపు తుఫాను వచ్చింది. ఊరివాళ్లందరినీ ముందే బడికి తరలించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నూకరాజు గారి ఇంట్లో ముందు రెండు గదులూ పోయాయి. నేను వెళ్లేసరికి ఆయన, సత్తెమ్మ గారు తడి ఇటుకలు ఏరి పేరుస్తున్నారు. నేనూ చీర కుచ్చిళ్లు దోపుకుని కాసేపు మోశాను. ఎవరూ వద్దనలేదు. కూర్చోమనీ అనలేదు.

నాలుగు రోజులకి ఆఫీసు జవాబొచ్చింది. దాన్ని తీసుకుని మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లి, నిలబడి చదివాను. 'నిపుణురాలు తన పని తప్పని స్వయంగా ఒప్పుకున్నందున, ఆమె నిపుణత సందేహాస్పదమైనది. కావున ఆమె రెండో పటాన్నీ, అభిప్రాయాన్నీ పరిగణనలోకి తీసుకొనుట సాధ్యపడదు. మొదటి పటమే అమలులో ఉండును.'

నూకరాజు గారు ఇటుక కింద పెట్టారు. "అంటే ఏంటండీ?"

"నేను తెలియక చెప్పినప్పుడు ఆఫీసువాళ్లు నమ్మేరండీ. తెలుసుకుని చెప్తే నమ్మట్లేదు."

ఆయన ఆ ఇటుక మళ్లీ అందుకున్నారు. "మేం మొదటిసారే నమ్మలేదండీ," అన్నారు మెల్లగా. "మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే సరిపోయేదండీ."

కాబట్టి పాఠకులారా, ఈ పేపర్ల కట్ట మీద చెయ్యి పెట్టి, కళ్లజోడు తీసి, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను తప్పు చేస్తే ఏ ఆఫీసుకీ విన్నవించుకోను. ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ల ఇంటికే ముందు వెళ్లి చెబుతాను. తలుపు తట్టడానికి ఆ ఇంటికి ఇంకా తలుపు ఉండగానే.