సముద్రంలో మొలిచిన స్టూలు

బొమ్మలకి ఫ్రేములు కట్టే అద్దాల మేస్త్రి కొట్లో పనిచేసే అమ్మాయిని అందరూ పిల్లి అనేవారు. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు వెళ్తుందో అడుగుల చప్పుడు ఉండదు. ఆ పేరు పెట్టింది మేస్త్రే. పనిలో చేరిన కొత్తలో ఆయన వెనక్కి తిరిగేసరికి ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉండేది. "అమ్మో! పిల్లిలా వస్తావేంటే తల్లీ! చేతిలో అద్దం ఉంటే నా కాళ్ల మీద పడేది" అని ఆయన గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. ఆమె తల దించుకుని నవ్వేది. పేరు మాత్రం జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది.

తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగింది. అమ్మ పోయాక పిన్ని తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. పిన్నికి కాన్పు కష్టమై మంచం పట్టినప్పుడు, "ఒక్క నెల బడి మానెయ్యవే, నీకు పుణ్యముంటుంది" అంది. పుట్టిన చంటిది ఇప్పుడు బడికి వెళ్తోంది కానీ ఆ ఒక్క నెల ఇంకా పూర్తి కాలేదు. పిన్ని చెడ్డదేమీ కాదు. వచ్చిన వాళ్లందరికీ, "నోట్లో నాలుక లేని పిల్ల, ఒక మూల కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటుంది" అని మెచ్చుకుంటూనే చెప్పేది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకి తను ఆ ఇంట్లో ఒక సామానేమో అనిపించేది.

కొట్లో కూడా ఆమె చోటు వెనక భాగమే. ముందు గది గోడ నిండా నమూనా కోసం ఫ్రేముల మూలముక్కలు మేకులకి వేలాడుతుంటాయి. మేస్త్రి అక్కడ నిలబడి బేరాలు చూసుకుంటాడు. వెనక గదిలో పొడవాటి బల్ల, అద్దాలు నిలబెట్టే చెక్క గూడు, ఒక ఎత్తైన స్టూలు. ఆమె పని అద్దం తుడవడం, దాని మీద బొమ్మని బోర్లా పరవడం, వెనక అట్ట పెట్టి చిన్న మేకులు కొట్టడం, చుట్టూ జిగురు రాసిన కాగితం టేపు అంటించడం. "టేపు వేశాక ఇంక దాని వీపు దేవుడు కూడా విప్పకూడదు" అనేవాడు మేస్త్రి. టేపు సరిగ్గా ఉంటే చాలు, ఇంకేమీ చూసేవాడు కాదు.

బొమ్మలని మొదట వెనక వైపు నుంచి చూడటం ఆమెకి అలా అలవాటైంది. వెనక మరకలుంటాయి, ఎవరివో వేలిముద్రలుంటాయి, రంగు పీల్చుకుని ఉబ్బిన చోట్లుంటాయి. తర్వాత తిప్పి, అద్దం తుడుస్తూ ముందు వైపు చూసేది. గుడ్డ ఎక్కడికి పోతే కన్ను అక్కడికి పోతుంది. ఒక మూల చెట్టు, ఒక మూల చెయ్యి, ఒక మూల ఉత్త తెలుపు. ఒకసారి నీటి రంగుల బొమ్మ తుడుస్తుంటే వాగులో నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ తెల్లరంగు లేనే లేదు. కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేశారు, అంతే. ఏమీ చెయ్యకపోవడం కూడా బొమ్మ వెయ్యడంలో భాగమేనా అని ఆ రోజంతా ఆమెకి ఆశ్చర్యం. ఎవరికైనా చెబుదామనిపించింది. ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఫ్రేములకొచ్చేవాళ్లకి ఆ వాగు సంగతి పట్టదు. "ఈ బంగారు రంగు మా సోఫాకి నప్పుతుందంటారా?" అని అడుగుతారు. "సోఫాకే ఫ్రేము కట్టించమంటే బాగుండు" అని వాళ్లు వెళ్లాక మేస్త్రి గొణుక్కుంటాడు. ఆమెకి ఇంకో చిక్కు కూడా ఉండేది. ముదురు రంగు బొమ్మకి అద్దం వేస్తే బొమ్మకంటే ముందు తన మొహమే కనిపిస్తుంది. పక్కకి ఒరిగి, తను తప్పుకుంటే గానీ బొమ్మ కనిపించదు. తప్పుకోవడం ఆమెకి బాగా వచ్చు.

బొమ్మ వెయ్యాలన్న కోరిక మొదట ఇంట్లోనే పుట్టింది. సరుకులొచ్చిన కాగితం సంచి చింపి, దాని మీద కుర్చీ వేసింది. బాబాయి చూసి, "ఏంటిది, కుక్కా?" అన్నాడు. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "కుక్కే అయితే తోకేదండీ?" అంది. వాళ్ల ఉద్దేశం వేళాకోళమే. కానీ ఆమె ఆ కాగితాన్ని ఎంత చిన్నగా మడిచిందంటే, అది చివరికి గోరంత అయింది. మళ్లీ ఇంట్లో గీత గీయలేదు.

కొట్లో మాత్రం మధ్యాహ్నం మేస్త్రి కునుకు తీసే వేళ ఉండేది. చేతికందేంత దూరంలో ఫ్రేముల వెనక పెట్టే అట్టలుండేవి. అద్దం కోసే ముందు గుర్తు పెట్టుకునే మైనం పెన్సిలు ఉండేది. నల్లగా, జిడ్డుగా, గాజు మీద కూడా పడే పెన్సిలది. ఎదురుగా స్టూలు ఉండేది. ఆమె ఆ స్టూలునే వేసింది. మనుషులని వెయ్యాలంటే మనుషుల వైపు చూడాలి, అది ఆమె వల్ల కాదు. ఎవరైనా కళ్లలోకి చూస్తే ఆమె చూపు వాళ్ల చెప్పుల మీదకి జారిపోయేది. స్టూలుకి ఆ బాధ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ అనదు.

అయితే స్టూలు అంత తేలిగ్గా లొంగలేదు. నాలుగు కాళ్లూ ఒకే పొడుగని ఆమె చేతికి తెలుసు. వెనక కాలు పొట్టిగా ఉందని కన్ను చెబుతుంది. చెయ్యి తన మాటే నెగ్గించుకునేది, స్టూలు తాగినవాడిలా తూలేది. ఎన్నో అట్టలు పాడయ్యాక ఒకనాడు చేతిని నోరు మూసుకోమని, కన్ను చెప్పినట్టు గీసింది. వెనక కాలు వెళ్లి నేలకి ఆనింది. ఆ ఆనందంలో నిజం స్టూలు మీద కూర్చుని కాళ్లాడించింది.

వేసిన అట్టలని ఏం చెయ్యాలి? ఇంటికి తీసుకెళితే కుక్క అవుతుంది. కొట్లో ఉంచితే మేస్త్రి చూస్తాడు. అందుకని కట్టే ఫ్రేముల్లోనే పెట్టేసేది. గీసిన వైపు లోపలికి, పైన ఖాతాదారుల బొమ్మ, చుట్టూ టేపు. దేవుడు కూడా విప్పడు. అలా ఆమె స్టూళ్లు ఊళ్లో ఎన్నో ఇళ్ల గోడలెక్కాయి. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ, దీపాలు వెలిగిన కిటికీల్లోంచి గోడల మీద ఫ్రేములు కనిపిస్తే, "అందులో నాదొకటుందేమో" అనుకునేది. ఉన్నా దాని మొహం ఎవరికీ కనిపించదు. అదీ తనలాగే. ఆ ఆలోచన కాస్త తోడుగా ఉండేది, కాస్త గుండెలో గుచ్చుకునేది.

ఒక రోజు ఎండ దిగాక టెలిఫోనావిడ వచ్చింది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో లైన్లు కలిపే ఉద్యోగం చేసింది. ఊరందరికీ గొంతు తెలుసు, మనిషి తెలియదు. ఇప్పుడు ఒంటరిగా ఉంటోంది. గడప దాటకముందే మాట మొదలుపెట్టే మనిషి, ఆ రోజు మాత్రం చంకలోని పొట్లం విప్పే దాకా నోరు మెదపలేదు. అందులో ఫ్రేము. పలచటి కాగితం మీద అచ్చయిన సముద్రం బొమ్మ, ఏదో పాత క్యాలెండరుది. కిందటి వానాకాలంలో ఇక్కడే కట్టించింది.

"బాబూ, సరిగ్గా చూసి చెప్పు. నీకిందులో ఏం కనిపిస్తోంది?"

మేస్త్రి కళ్లజోడు సర్దుకున్నాడు. "సముద్రమండీ."

"అది నాకూ తెలుసు. సముద్రం మధ్యలో?"

"ఏదో మరక. గోడ చెమ్మగా ఉంటుందా?"

"చెమ్మా? పడమటి గోడ అది, సాయంత్రమైతే అప్పడాలు వేయించుకోవచ్చు. అయినా చెమ్మకి నాలుగు కాళ్లుంటాయా?"

మేస్త్రికి లోపల భయం పట్టుకుంది. కట్టిన ఫ్రేములో తప్పని తేలితే కొట్టుకి చెడ్డపేరు. వేళాకోళంగా దాటించేద్దామనుకున్నాడు. "వయసు మీద పడ్డాక మబ్బుల్లో ఏనుగులు కూడా కనిపిస్తాయండీ అమ్మగారూ. మరకంటే మరకే. నాకైతే ఏ కాళ్లూ కనిపించట్లేదు."

ఆవిడ కౌంటరు అంచుని పట్టుకుంది. "పక్కింటావిడ కూడా అదే అంది. అని, నన్ను ఒక చూపు చూసింది. కళ్ల డాక్టరు కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడు. కళ్లు బాగుంటే మరి చెడింది ఏంటి? మా అక్కకి ఆఖర్లో ఇలాగే మొదలైంది బాబూ. ముందు సామాన్లు కనిపించేవి. తర్వాత మనుషులు. నాకింకా మనుషుల దాకా రాలేదు." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "వస్తే, లేరని చెప్పడానికి కూడా ఇంట్లో ఎవరూ లేరు."

వెనక గది గుమ్మంలో గుడ్డ పట్టుకుని నిలబడ్డ పిల్లికి ఇదంతా వినిపించింది. కౌంటరు మీది బొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది. బొమ్మల్ని అన్ని వైపుల నుంచీ చూసిన కళ్లవి. సముద్రం లేతగా ఉన్న చోట, గోధుమ రంగులో, మంచులోంచి చూసినట్టు స్టూలు. మైనం పెన్సిలు జిడ్డు, పడమటి ఎండకి కరిగి, పలచటి కాగితంలోకి ఇంకి, మెల్లమెల్లగా పైకి తేలింది. సిగ్గులేకుండా ఆమెకి మొదట వచ్చిన ఆలోచన, "వెనక కాలు సరిగ్గానే పడింది" అని.

రెండో ఆలోచన కొట్టు గురించి. నోరు విప్పితే కొట్టు పోతుంది. బల్ల పోతుంది, మధ్యాహ్నం పోతుంది. ఇక మిగిలేది పిన్ని ఇంట్లో ఒక మూల. నోరు విప్పకపోతే ఏమీ కాదు. ఇన్నేళ్లూ విప్పలేదు, ఎవరూ అడగలేదు. టెలిఫోనావిడ బొమ్మని మళ్లీ పొట్లంలో చుడుతోంది. తాడు ముడి వేసే ముందు కాగితం కాస్త తప్పించి, ఆ మచ్చ వైపు ఇంకోసారి చూసింది.

"కనిపిస్తోంది పెద్దమ్మా."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మేస్త్రి కళ్లెర్రజేశాడు. "ఏం కనిపిస్తోందే నీకు?"

"స్టూలు. అదిగో, ఆ స్టూలే." వెనక గదిలోకి చూపించింది.

"ఆ స్టూలు సముద్రంలోకి ఎలా వెళ్లిందే? ఈదుకుంటూ వెళ్లిందా?"

"నేనే వేశానండీ. వెనక అట్ట మీద, మైనం పెన్సిలుతో. జిడ్డు ఇంకిపోయింది."

మేస్త్రి బొమ్మ లాక్కుని, బోర్లా తిప్పి, దేవుడు కూడా విప్పకూడదన్న టేపుని సర్రున చింపాడు. మేకులు పీకాడు. అట్ట బయటికొచ్చింది. దాని మీద స్టూలు, నల్లగా, నాలుగు కాళ్ల మీద నిలబడి.

"ఎన్నిటిలో పెట్టావు?"

ఆమె చేతిలోని గుడ్డని మడతలు పెట్టింది.

"ఎన్నిటిలో పెట్టావే అంటే! కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి, ఎవరూ చూడట్లేదనుకుంటుందట. నీకు పేరు బాగానే పెట్టాను. రేపు ఊళ్లో ప్రతి గోడ మీదా స్టూళ్లు మొలుస్తాయి. ఫ్రేములు మానేసి ఫర్నిచరు షాపు పెట్టుకోవాలి నేను!"

టెలిఫోనావిడ ఆయన్ని పట్టించుకోలేదు. అట్ట తీసుకుని స్టూలు గీతల మీద వేలు పెట్టి నడిపింది. "అయితే ఉంది. నిజంగానే ఉంది కదా?"

"ఉంది పెద్దమ్మా."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు చూసి మేస్త్రి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జిగురు డబ్బా మూత బిగించాడు. ఇంకో బొమ్మ ఊరికే కట్టి ఇస్తానన్నాడు. వద్దంది. "దీనికే కొత్త అట్ట వెయ్యి. నా కంటికి అలవాటైపోయింది. మచ్చ ఉండనీ." తర్వాత పిల్లి వైపు తిరిగింది. "వెయ్యడమంటూ వేశావు కదే అమ్మాయ్, ఎవరినైనా కూర్చోబెట్టకపోయావా? నేను రోజూ చూస్తూ అదే అనుకునేదాన్ని. స్టూలు వచ్చింది, మనిషి ఎప్పుడొస్తాడో అని హడలిపోయేదాన్ని."

కొత్త అట్ట మేస్త్రే కోశాడు. రెండు వైపులా తిప్పి చూసి, మేకులూ తనే కొట్టాడు. టెలిఫోనావిడ వెనక గదిలో ఆ స్టూలు మీద కూర్చుంది. కాళ్లు నేలకందలేదు. మాటలన్నీ అయిపోయాయేమో, చేతులు ఒళ్లో పెట్టుకుని వీధి వైపు చూస్తోంది. ఎవరూ తనని చూడట్లేదన్నట్టు భుజాలు జారవిడిచింది. పిల్లి చూసింది. చెప్పుల దగ్గర మొదలుపెట్టి, మోకాళ్లు, ఒంగిన వీపు, మెడ దాకా. చూపు జారిపోలేదు. విప్పిన పాత అట్ట తీసుకుని, గీసి ఉన్న స్టూలు మీదే ఆవిడని కూర్చోబెట్టబోయింది. కుదరలేదు. స్టూలు ఒక ఎత్తు నుంచి చూసి వేసింది, మనిషి ఇంకో ఎత్తు నుంచి కనిపిస్తోంది. వీపు గీత ఒక్కటే పడింది, అదీ గాలిలో. ఇంతలో టేపు ఆరింది. ఆవిడ లేచి, ఫ్రేము చంకన పెట్టుకుని, "వస్తానే" అని వెళ్లిపోయింది. బొమ్మ చూపించమని అడగలేదు. పిల్లీ చూపించలేదు.

"రేపు రానా అండీ?" అని అడిగింది మేస్త్రిని.

"రాక అద్దాలు నేను తుడుచుకోనా? అట్టల జోలికి మాత్రం వెళ్లకు. ఆ గీసినదాన్ని తీసుకుపో, నా కళ్ల ముందు పెట్టకు."

ఆ సాయంత్రం కిటికీల వైపు చూడకుండా నడిచింది. అట్ట చంకలో ఉంది. ఇంట్లో తన పక్క చుట్టి పెట్టుకునే మూలలో, గోడకి ఆనించింది. గీసిన వైపు గదిలోకి.

బాబాయి టీవీ ముందు నుంచి మెడ తిప్పాడు. "ఏంటే అది, కుక్కా?"

"స్టూలు బాబాయ్."

"మరి ఆ పైనున్న గీతేంటి?"

"ఒకావిడ. కూర్చోవడం ఇంకా రాలేదు."

బాబాయి ఏదో అనబోయాడు. ఇంతలో టీవీలో ప్రకటనలు అయిపోయాయి, అటు తిరిగాడు. పిన్ని వంటింట్లోంచి రాలేదు. ఆమె గోడకి ఎదురుగా కూర్చుని ఆ వీపు గీతని చాలాసేపు చూసింది. మెడ దగ్గర ఒంపు ఇంకొంచెం కిందికి ఉండాలి.