కొండ మీద మందు సీసా

2023 మే నెల. ఉత్తరాఖండ్‌లో మంచు ఇంకా పూర్తిగా కరగని ఒక కొండ, దాని కింద పచ్చిక మైదానం, ఆ మైదానంలో మా వంట డేరా. నెల్లూరు నుంచి వచ్చిన వాకింగ్ క్లబ్ వాళ్ళకు నేను అక్కడ వండి పెడుతున్నాను. నా పేరు పెంచలమ్మ. మాది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నేను అన్న మాట అన్నట్టే పెట్టాలి, బాగాలేదని ఇంకో మాట దూర్చకూడదని ముందే దానికి గట్టిగా చెప్పాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా ఆయన పోయిన తర్వాత నెల్లూరులో యాత్రలు నడిపే రమణయ్య గారి దగ్గర వంటకు చేరాను. మొదట్లో కాశీ, రామేశ్వరం, షిరిడీ బస్సులే ఉండేవి. తర్వాత కాలం మారింది. పొద్దున్నే బీచ్‌లో నడిచే పెద్దమనుషులు, మోకాళ్ళు బాగున్నప్పుడే హిమాలయాలు ఎక్కేయాలని బయలుదేరారు. దీన్ని ట్రెక్కింగ్ అంటారు. యాత్రలో కొండెక్కేది దేవుడి కోసం, ట్రెక్కింగ్‌లో కొండెక్కేది కొండ కోసమే. వంట కూడా వేరు. పైకి పోయేకొద్దీ నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ బియ్యం ఉడకవు. కుక్కర్ లేకుండా వండితే అన్నం పైకి మెత్తగా కనిపిస్తుంది, లోపల పలుకు. అక్కడ మనిషి కూడా అంతే. పైకి బాగానే ఉంటాడు, లోపల ఊపిరి చాలదు.

అందుకే రమణయ్య గారు ప్రతి జట్టుకూ ఇన్సూరెన్స్ చేయిస్తారు. ఎంత ఎత్తుకు పోతామో చెప్పి, ఆ ఎత్తుకు చెల్లే పాలసీయే తీసుకోవాలి. అందులో రెస్క్యూ కవర్ అని ఒకటి ఉంటుంది. కొండ మీద ఎవరికైనా ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్‌లో కిందికి దించే పూచీ వాళ్ళది. వినడానికి ఎంత ధైర్యంగా ఉంటుందో! కానీ హెలికాప్టర్ మనం పిలిస్తే ఎగరదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్‌లో వివరమంతా విని సరే అనాలి. దాన్ని అప్రూవల్ అంటారు. ఆ సరే రాకపోతే కొండ మీద మనిషి ఎంత గింజుకున్నా ఆకాశంలో కాకి కూడా కనిపించదు.

ఆ జట్టులో శామ్యూలు గారు ఒకరు. తోటపల్లి గూడూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగు చేస్తారు. ఏరేటర్ అంటే చెరువు నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రం. వాళ్ళ చర్చిలో ఆయన సంఘపెద్ద. కాఫీ కూడా ముట్టని మనిషి. నెల్లూరు స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు ఆయన భార్య రూతమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక సీసా చేతిలో పెట్టింది.

“పెంచలమ్మక్కా, ఈయన్ని దగ్గు పట్టుకోనుండాది. పొద్దున, రాత్రి నువ్వే దగ్గరుండి ఈ మందు తాపు. నేను చెప్తే వినడు. నువ్వంటే భయం.”

“తాగకపోతే పప్పుచారు పొయ్యను లే” అన్నాను.

శామ్యూలు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, “మీ ఇద్దరూ చేరి నన్ను చంటిపిల్లోణ్ణి చేసినారే” అని నవ్వారు.

ఆ సీసా నా తిరగమోత గింజల డబ్బా పక్కనే పెట్టుకున్నాను. దారిపొడవునా తాపించాను. అయినా పైకి పోయేకొద్దీ దగ్గు ఎక్కువైంది. చివరి క్యాంప్ దగ్గర ఆయన ఇంక ఎక్కలేనని ఆగిపోయారు. మిగిలినవాళ్ళు మేనేజర్ శీనయ్యతో కలిసి పొద్దున్నే పైకి వెళ్ళిపోయారు. క్యాంప్‌లో మిగిలింది నేను, శామ్యూలు గారు, మోహన్ అనే కొండ గైడ్, సామాన్లు మోసే గాడిదల వాళ్ళు.

నేను మందు తాపి, ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. బయట రాయి మీద కూర్చున్న ఆయన దగ్గు ఉన్నట్టుండి ఆగిపోయింది. తగ్గిందనుకుని తొంగి చూస్తే పెదాలు నేరేడు రంగు. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నారు. రొమ్ములో కుండలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు.

“అక్కా... ఏరేటర్ ఆగిపోయినట్టుండాది” అన్నారు. ఏరేటర్ ఆగిన చెరువులో రొయ్యలు ఎట్లా పైకి తేలి నోళ్ళు తెరుస్తాయో మా ఊళ్ళో అందరం చూసినవాళ్ళమే. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మోహన్ పరుగెత్తుకొచ్చి ఆయన వేలికి క్లిప్ తగిలించాడు. రక్తంలో ఎంత ప్రాణవాయువు ఉందో చెప్పే ఆక్సీమీటర్ అది. అందులో అంకె చూసి వాడి ముఖం మారిపోయింది. చిన్న ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి ముక్కుకు పెట్టాడు. “దీదీ, ఇది కాసేపే. వెంటనే కిందికి దించాలి. మధ్యాహ్నమైతే మబ్బు కమ్ముతుంది, హెలికాప్టర్ రాదు” అన్నాడు హిందీలో. యాత్రలు తిరిగి తిరిగి నాకు ఆ మాత్రం హిందీ వచ్చు.

పక్కనున్న గుట్ట మీద ఒక్కచోటే ఫోన్ అందుతుంది. మోహన్ ఫోన్ చేసి చోటు, పాలసీ వివరం చెప్పాడు. అవతలివాళ్ళు, పేషెంట్ తరఫు మనిషి మాట్లాడాలన్నారు. నేను తెలుగు మనిషినని చెబితే తెలుగు వచ్చిన అబ్బాయికి కలిపారు. బాగా చదువుకున్న గొంతు.

“చెప్పండి మేడమ్, పేషెంట్‌కి ఏమైంది?”

“ఊపిరి ఆడటంలా నాయనా. పెదాలు నల్లబడినాయి. బిన్నా హెలికాప్టర్ పంపించు, తడవు చెయ్యబాక.”

“పంపిస్తాం మేడమ్. కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ పొద్దున ఆయన ఏమైనా తీసుకున్నారా?”

“ఇంకా టిఫిన్ తిన్లా. మందు తాగినాడు, అంతే.”

“పొద్దున్నే మందు తాగారా?”

“ఆఁ. నేనే తాపినా.”

“మీరే తాగించారా? రాత్రి కూడా తాగారా?”

“రాత్రి తాగకపోతే ఆయనకి నిద్ర పట్టదు నాయనా. వాళ్ళావిడే సీసా ఇచ్చి పంపింది.”

ఆ అబ్బాయి నవ్వాపుకున్నట్టు ఊపిరి వదిలాడు. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? మనిషి చస్తున్నాడని చెబుతుంటే అవతలివాడు ఇంకేదో అనుకుంటున్నాడని ఎవరికి తడుతుంది? “లైన్‌లో ఉండండి” అన్నాడు. ఫోన్ కట్టయింది. కాసేపటికి మోహన్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వాడు చదివి నా వైపు వింతగా చూశాడు.

“దీదీ, రారట. శరాబ్ తాగినవాళ్ళకు కవర్ లేదట. ఈయన శరాబ్ తాగారా?”

శరాబ్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ క్షణంలో అంతా అర్థమైంది. ఇన్సూరెన్స్‌లో ఎక్స్‌క్లూజన్ అని ఉంటుంది. ఫలానాది జరిగితే మాకు సంబంధం లేదని వాళ్ళు ముందే రాసిపెట్టుకున్న మాట. తాగినవాడు పడితే సంబంధం లేదు. అది న్యాయమే కావచ్చు. కానీ తాగిందెవరు?

మోహన్ చేత మళ్ళీ ఫోన్ చేయించాను. అదే అబ్బాయి దొరికాడు.

“ఏమయ్యా, నేను చెప్పిందేంది, నువ్వు రాసుకున్నదేంది? నేను మందు అన్నా. సారా అన్లా!”

“మేడమ్, కాల్ రికార్డ్ అయింది. మీరే చెప్పారు, పొద్దున, రాత్రి మందు తాగారని.”

“తాగినాడు! దగ్గుకి తాగినాడు!”

“ఇప్పుడు దగ్గు అంటున్నారు మేడమ్. రిజెక్ట్ అయ్యాక అందరూ ఇలాగే మార్చి చెబుతారు. మందు అంటే ఏంటో అందరికీ తెలుసు కదా.”

“నీకు చిన్నప్పుడు జొరమొస్తే మీ అమ్మ ఉగ్గుగిన్నెతో ఏం తాపింది నాయనా? బ్రాందీ తాపిందా?”

ఆ అబ్బాయి గొంతు తగ్గించి, “పైవాళ్ళకి పంపుతాను మేడమ్. రివ్యూకి టైమ్ పడుతుంది” అన్నాడు. రివ్యూ అంటే ఒకసారి కాదన్నదాన్ని ఇంకొకరు తీరుబడిగా మళ్ళీ చూడటం. కింద రాయి మీద ఉన్న మనిషికి తీరుబడి ఏది?

మోహన్ ఇంక ఆగలేదు. వంట డేరా కొయ్యలు పీకించాడు. బియ్యం గోతాల్లో బియ్యం టార్పాలిన్ మీద కుమ్మరించి, గోతాల మూలలు కోసి, కొయ్యలు దూర్చి డోలీలా కట్టారు. గాడిదల వాళ్ళు నలుగురూ భుజానికెత్తుకున్నారు. నేను సిలిండర్ పట్టుకుని పక్కనే నడిచాను. ఉప్మా పొయ్యి మీదే మాడింది.

సగం దూరం దిగామో లేదో, తల మీద రెక్కల చప్పుడు. అందరం పైకి చూశాం. మా కోసమే మనసు మార్చుకుని పంపారేమోనని నేను కొంగు విప్పి ఊపాను. అది దర్శనానికి పోయేవాళ్ళను మోసుకుపోయే హెలికాప్టర్. పక్క లోయలోకి తిరిగిపోయింది. డోలీలోంచి శామ్యూలు గారు కళ్ళు తెరిచి, “ఏమన్నారక్కా వాళ్ళు?” అని అడిగారు. ఏమని చెప్పను? “మబ్బుందంట నాయనా” అన్నాను. ఆకాశం అద్దంలా ఉంది.

జీపు రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి ఆసుపత్రికి. కొండ ఎత్తుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఎంత తొందరగా దించితే అంత మంచిదని డాక్టరమ్మ చెప్పింది. ప్రాణం నిలబడింది. తేరుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. దించింది మోహన్, ఆ గాడిదల వాళ్ళు. వాళ్ళ భుజాలకు ఏ అప్రూవలూ అక్కర్లేకపోయింది.

మేము నెల్లూరు చేరేలోపే, జట్టువాళ్ళ ఫోన్ల మీదుగా కథ వచ్చేసింది. సంఘపెద్ద కొండ మీద తాగి పడిపోయాడని. ఆదివారం చర్చిలో ఆయన పక్కన కూర్చునే మనిషి ఒక వరుస వెనక్కి జరిగాడని రూతమ్మ చెప్పింది. రమణయ్య గారు గట్టిగా అడిగితే కంపెనీ నుంచి ఒక ఆఫీసర్ వచ్చారు. శామ్యూలు గారు, రూతమ్మ, నేను రమణయ్య గారి ఆఫీసులో కూర్చున్నాం. ఆఫీసర్ రికార్డింగ్ పెట్టారు. ‘వాళ్ళావిడే సీసా ఇచ్చి పంపింది’ అన్న చోట ఆయన పెదవి వంకర తిరిగింది. రూతమ్మ నవ్వలేదు.

“ఇది మిస్‌కమ్యూనికేషన్ అమ్మా” అన్నారు ఆఫీసర్. “ఫోన్ చేసినావిడకు భాష సరిగా రాకపోవడం వల్ల పొరపాటు జరిగిందని రాసుకుంటాం. మీరు ఒక సంతకం పెడితే ఈయన పేరు మీదున్న మద్యం మాట తీసేస్తాం.”

గదిలో అందరూ నా వైపే చూశారు. నేను సంతకం పెడితే ఆయన పేరు మీది మరక పోతుంది. పెన్ను చేతిలోకి కూడా తీసుకున్నాను. కానీ సంతకం పెట్టలేదు.

“నాకు చదువు రాదు సార్. భాష వచ్చు” అన్నాను. “సారా వద్దని ఆడోళ్ళందరూ రోడ్డెక్కిన జిల్లా మాది. నా మొగుడు దాంతోనే పోయినాడు. మా ఇంట్లో దాన్ని సారా అన్నాం, బ్రాందీ అన్నాం, దరిద్రం అన్నాం. ఒక్కనాడూ మందు అన్లా. మనిషిని చంపేదానికి మందు అని పేరెట్టా పెడతాం సార్? ఆ పేరు పెట్టింది తాగేవాళ్ళు. వాళ్ళ మాట మీకు తెలుగైంది, నా మాట తప్పైంది. ‘మా కంపెనీకే తెలుగు తెలియలా’ అని మీరు రాసుకోండి. అప్పుడు పెడతా.”

“అట్లా రాయడానికి కుదరదమ్మా.”

నేను శామ్యూలు గారి వైపు చూశాను. నష్టపోయేది ఆయన. ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టి బల్ల మీద ఉంచారు.

“వద్దులే అక్కా. నువ్వు తాపింది నేను తాగినా. అది మందే” అన్నారు.

రూతమ్మ లేచి నిలబడింది. “ఆదివారం చర్చిలో నేనే నిలబడి సీసా చూపించి చెప్తాను. మీరు తుడిచేదేంది, పోండయ్యా.”

అన్నట్టే చెప్పింది. వెనక్కి జరిగిన మనిషి మళ్ళీ ముందుకు వచ్చాడు. కంపెనీ దగ్గర మాత్రం ఆ మాట ఇంకా అట్లాగే ఉందట. ఉండనీ. అది వాళ్ళ తెలుగుకు పట్టిన మచ్చ.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నదేమంటే, కొండ మీద మనిషి ప్రాణం ఒక్కోసారి సిలిండర్ మీద కాదు, కిందెక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాడి చెవి మీద ఆధారపడి ఉంటుంది. ఆ చెవిని నేను మార్చలేను. అందుకే ఇప్పుడు ట్రెక్కింగ్ జట్టు బయలుదేరే ముందు అందరినీ కూర్చోబెట్టి చెబుతాను: ఫోన్‌లో మందు అనకండి, సిరప్ అనండి, టాబ్లెట్ అనండి, జబ్బు పేరు ముందు చెప్పండి. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. మన మాటను మనమే దాచుకుని బతకాల్సి రావడం ఏం ఖర్మ?

మొన్న స్టేషన్‌లో ఒకావిడ భర్త కోసం సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. నా సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. భయపడుతూ, “అక్కా, ఇది సిరప్” అంది.

“అది ఫోన్‌లో అమ్మా” అన్నాను. “నా చేతికిచ్చేటప్పుడు మందు అనే ఇయ్యి.”