మనౌస్‌కి తీసుకెళ్ళిన ఊలు టోపీ

బ్రెజిల్ వెళ్ళొచ్చామంటే, అమెరికాలో మేముండే షాంటిలీలో మా స్నేహితులు అడిగే మొదటి ప్రశ్న, అక్కడ వెజ్ దొరుకుతుందా అని. దొరుకుతుందని చెప్తాను. కర్రపెండలం పిండితో అట్లు వేస్తారనీ, అన్నం, చిక్కుడు గింజల కూర ఎక్కడికెళ్ళినా పెడతారనీ చెప్తాను. అమెజాన్ ఎలా ఉందంటే చాలా పెద్దగా ఉందంటాను. అసలు ఎందుకు వెళ్ళామో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అంతకు ముందు సంవత్సరం మా పాప ఏడో నెలలో, కడుపులోనే పోయింది. పాపని మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే చూసుకోమంటారా అని ఆసుపత్రి వాళ్ళు అడిగారు. నా భార్య ఇంకా మత్తులో ఉండగానే, మీరే చూసుకోండని సంతకం పెట్టేశాను. ఆమెకి ఒక కష్టం తప్పిస్తున్నాననుకున్నాను. గుడిలో పంతులుగారికి ఫోన్ చేస్తే, "కడుపులో పోయిన బిడ్డకి కర్మ అంటూ ఏమీ ఉండదు బాబూ. ఇద్దరూ తలస్నానం చేసి దీపం పెట్టుకోండి" అన్నారు. స్నానం చేశాం, దీపం పెట్టాం. సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఇంట్లో పాప వస్తువులంటూ ఏవీ లేవు. బిడ్డ భూమ్మీద పడేదాకా ఏమీ కొనకూడదని మనవాళ్ళకో పట్టింపు. నా అమెరికన్ కొలీగ్స్ నాలుగో నెలకే ఉయ్యాల కొని, గోడలకి రంగులు వేయించుకుంటారు. మేము ఒక గది ఖాళీ చేసి ఊరుకున్నాం. పసుపుపచ్చ ఊలు టోపీ ఒక్కటి మాత్రం ఆమె నాకు తెలియకుండా కొని, చలికోట్ల వెనకాల దాచుకుంది. అది ఒకరోజు నా కంట పడింది. "అప్పుడే ఎందుకు కొన్నావ్? తొందరేంటి నీకు?" అని విసుక్కున్నాను. నాకు చాదస్తం లేదనుకునేవాణ్ణి. ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. పాప పోయాక ఆ మాట మళ్ళీ ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆమె మర్చిపోలేదని నాకు తెలుసు.

బ్రెజిల్‌లోని మనౌస్ పేరు చెప్పింది ఆమే. ఒక నల్లటి నది, ఒక బురద రంగు నది మైళ్ళ తరబడి పక్కపక్కనే కలవకుండా పారే చోటిని ఫోన్‌లో చూపించింది.

"ఇది కూడా సంగమమే కదా. టోపీ అక్కడ వదిలేద్దాం. ఇద్దరం కలిసి" అంది.

"ఇండియా వెళ్దాం పోనీ. గోదావరి ఉంది కదా."

"వద్దు. అక్కడ అందరూ ఉంటారు. ఎందుకూ ఏంటీ అని అడుగుతారు. మనల్ని ఎవరూ ఎరగని చోటైతే బావుంటుంది."

అన్ని నెలల్లో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. సెలవులు పెట్టాను, వీసాల కోసం తిరిగాను, టికెట్లు బుక్ చేశాను. అంతటితో నా వంతు అయిపోయిందనుకున్నానో ఏమో.

మనౌస్‌లో విమానం దిగగానే తడిబట్ట మొహాన కప్పినట్టయింది. నది ఒడ్డున రెండంతస్తుల పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. వాటి నిండా ఊయలలు, వాటిలో కాళ్ళు వేలాడేసుకుని పడుకున్న జనం. మార్కెట్‌లో మనిషి పొడవు చేపలు చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. ఆమె మాత్రం ఒక పళ్ళ బండి ముందు ఆగిపోయింది. జీడిపళ్ళు! ఆమెది పలాస పక్కన ఊరు. ఒక పండు తీసి వాసన చూసి, "అయ్యో, అచ్చం మా ఊరి వాసనే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! నాకు కళ్ళు చెమర్చాయి. ఈ ప్రయాణం మంచిదేననిపించింది.

మర్నాడు తొమ్మిదింటికి అడవిలోని లాడ్జ్‌కి బయల్దేరాలి. మా గైడ్ నడివయసు మనిషి, కాస్త ఇంగ్లిష్ వచ్చు, పడవ కూడా తనే నడుపుతాడు. సంగమం దాటి అవతలి ఒడ్డుకి వెళ్తే అక్కణ్ణుంచి వ్యాన్. పడవ ఎక్కుతుండగా మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చింది. టీమ్‌లో మార్పులున్నాయి, అందరూ వెంటనే కాల్‌లో జాయిన్ అవ్వాలి అని. ఆ నెలలో మా కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. హెచ్1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే ఇల్లు సర్దుకోవాలి. ఆ భయం మాలాంటివాళ్ళ ఇళ్ళల్లో ఉప్పూ పప్పూ ఉన్నట్టే ఉంటుంది. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

సంగమం వచ్చింది. ఒకపక్క డికాషన్ రంగు నీళ్ళు, ఇంకోపక్క పాలు పోసిన టీ రంగు నీళ్ళు. గైడ్ ఇంజిన్ తగ్గించాడు. ఆమె బ్యాగ్‌లోంచి టోపీ తీసి, పడవ అంచుకి జరిగి కూర్చుని నా వైపు చూసింది. అప్పుడే కాల్‌లో నా వంతు వచ్చింది. ఒక్క నిమిషం అని ఆమెకి వేలు చూపించి, అన్‌మ్యూట్ చేసి, నా ప్రాజెక్ట్ ఎంతవరకు వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. నిమిషం అయిదు నిమిషాలైంది. వేసేయమన్నట్టు గైడ్ ఆమెకి సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను ఇయర్‌ఫోన్లు తీసేసరికి పడవ అవతలి ఒడ్డుకి దగ్గరవుతోంది.

"అయిపోయిందా?" అంది.

"ఆ. ఏం లేదు, మేనేజర్ మారాడంతే."

"మంచిది" అని టోపీ మళ్ళీ బ్యాగ్‌లో పెట్టుకుంది.

"వచ్చేటప్పుడు కూడా ఇదే దారి. అప్పుడు వేద్దాం. ప్రామిస్" అన్నాను. ఆమె బ్యాగ్ జిప్ లాగేసింది. సరేనందనుకున్నాను. ఆ ఉద్యోగం నాకు ఇప్పటికీ ఉంది.

లాడ్జ్‌లో సిగ్నల్ లేదు. నదికి వరద కాలం కావడంతో చెట్లన్నీ నడుముదాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. మేము చిన్న పడవలో కొమ్మల మధ్యనుంచి, ఆకుల కిందనుంచి తిరిగేవాళ్ళం. ఎక్కడో కోతులు అరిస్తే అడవంతా గాలివాన వస్తున్నట్టుండేది. గైడ్ వేలు పెట్టి చూపించినా నాకు సగం జంతువులు కనపడలేదు. ఆమెకి అన్నీ కనపడ్డాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అక్కడున్న మూడు రోజులూ నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఫోన్ మోగదని తెలిస్తే ఒంటికి అంత సుఖం ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, సంగమం దగ్గర ఆమెతో ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాను. ఆ సంతకం గురించి చెప్పాలి. పాపని ఒక్కసారైనా నీ చేతుల్లో పెట్టమని అడగాల్సింది నేనేనని చెప్పాలి. టోపీ చూసి విసుక్కున్నందుకు క్షమించమనాలి. గైడ్‌ని పక్కకి పిలిచి, తిరుగు ప్రయాణంలో అక్కడ పది నిమిషాలు ఇంజిన్ పూర్తిగా ఆపమన్నాను. మాకు ఒక బిడ్డ పోయిందని కూడా అతనికి చెప్పాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. అతను గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ పడవ ఎక్కగానే ఫోన్ ఆఫ్ చేసి ఆమెకి చూపించాను. చిన్నగా తలూపింది. నీళ్ళ రంగు మారేచోటికి రాగానే గైడ్ ఇంజిన్ ఆపాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను ఆమె పక్కకి జరిగి చెయ్యి చాచాను.

"ఇవ్వు. ఇద్దరం వేద్దాం."

"లేదు" అంది.

"ఏది లేదు?"

"టోపీ. నిన్న పొద్దున్నే వదిలేశాను. లాడ్జ్ మెట్ల దగ్గర. వెంటనే మునగలేదు. కాస్త దూరం వెళ్ళింది."

"నన్ను లేపొచ్చు కదా?"

ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది.

"లేపుదామనే వచ్చాను. మంచం పక్కన చాలాసేపు నిల్చున్నాను. లేపాలనిపించలేదు" అంది.

నేను కూడబలుక్కున్న మాటలకి అప్పటికే వేళ దాటిపోయింది. పడవ మెల్లగా ప్రవాహంతో పాటు జరుగుతోంది. గైడ్ మావైపు చూడకుండా, నెత్తి మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మేము పాపని సాగనంపుతున్నామనుకుంటున్నాడు. పది నిమిషాలు ఆపమని అడిగింది నేను. రెండు నిమిషాలు కూడా గడిచినట్టు లేదు. ఇక పోనివ్వమని అతనితో నేనే చెప్పాల్సి వచ్చింది.